మామ చదివిన ఇరవై ఒకటి

ఆప్టోమెట్రీ రెండో సంవత్సరం చదివే ఆ రోజుల్లో నాకు మనుషులు కనిపించేవారు కాదు, వట్టి కళ్ళే కనిపించేవి. అశోక్ చౌక్ దగ్గర షేర్ ఆటో ఎక్కితే ఎదురుగా కూర్చున్నావిడకు మెల్ల ఎంతుందో మనసులో లెక్క కట్టేదాన్ని. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మొహం చూసి "మైనస్ మూడు ఉంటుంది" అని అమ్మ చెవిలో ఊది తొడపాశం పెట్టించుకున్నాను. ఈ మరాఠీ ఊళ్ళో, భవాని పేట్‌లోని మా తెలుగువాళ్ళ గల్లీ నుంచి ఈ చదువుకు వెళ్ళిన మొదటి పిల్లను నేనే. ఆ పేరు నోరు తిరగక మావాళ్ళు "కండ్ల డాక్టరమ్మ" అనేవారు. కాదు, నేను డాక్టర్ని కాను, చూపు పరీక్షించి అద్దాలు రాసేదాన్ని అని సరిదిద్దాల్సింది. (ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.)

ఆ ఏడాది రంగుల చూపు మీద పదిమందిని పరీక్షించి కేసు షీట్లు రాసివ్వాలి. దానికొక పుస్తకం ఉంటుంది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్య ఒక అంకె. రంగులు సరిగా తెలియనివాళ్ళకు ఆ అంకె కనిపించదు, లేదా వేరే అంకె కనిపిస్తుంది. కాలేజీలో మేడమ్‌ను బతిమాలి ఆ పుస్తకం శనివారం ఇంటికి తెచ్చుకున్నాను. పదిమంది ఒక్కచోట దొరికేదెక్కడ? నీలం నగర్‌లో మా మేనమామ కార్ఖానాలో. ఎనిమిది మరమగ్గాలు (మేం సాంచాలంటాం), వాటిమీద చద్దర్లు నేస్తారు. రంగుల ఎంపికలో మామ పేరు మోసినవాడు. నూలు పోగు కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నెమ్మదిగా నలుపుతూ, కళ్ళు సగం మూసి "మెరూన్ పక్కన ఇది నిలవది, పచ్చ తియ్యి" అంటే వ్యాపారులు మారుమాట్లాడేవారు కాదు. ఆ ఠీవి చూడటమంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం.

మే నెల ఎండలో తెల్లకోటు వేసుకుని మరీ వెళ్ళాను. చాయ్ వేళ సాంచాలు ఆపారు. గుమ్మం దగ్గర వెలుతుర్లో స్టూలు వేసుకుని కూర్చుంటే పనివాళ్ళంతా జాతరకొచ్చినట్టు మూగారు. చద్దర్లు మడతపెట్టే ముసలాయన (మేం మడతల తాత అనేవాళ్ళం) అంకె కనిపించినప్పుడల్లా చప్పట్లు కొట్టాడు. తొమ్మిదిమంది అయిపోయారు, అందరి చూపూ బాగుంది. మామ లోపల బల్ల దగ్గర లాతూరు నుంచి వచ్చిన సేఠ్‌కు నూలు నమూనాలు చూపిస్తున్నాడు.

"మామా, నువ్వొక్కనివే తక్కువున్నవ్, రా!" అని అరిచాను.

"నాకు పనున్నది బిడ్డా. సేఠ్ కూసున్నడు కనవడ్తలేదా?"

కండెలు చుట్టే యంత్రం దగ్గర్నుంచి అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఆయన్ను సతాయించకే. నన్నడుగు, నేను చెప్త."

ఈ లోపం ఎక్కువగా మగవాళ్ళలోనే ఉంటుందని పుస్తకంలో చదివి ఉన్నాను కనుక "నువ్వొద్దు, మామనే గావాలె" అన్నాను. సేఠ్ కూడా నవ్వుతూ మామ భుజం తట్టి లేపాడు.

మొదటి పేజీలో అంకె ఎవరికైనా కనిపిస్తుంది. "పన్నెండు" అన్నాడు మామ. ఆయన భుజాలు వదులవడం చూశాను. ధైర్యం వచ్చినట్టుంది, తర్వాతి పేజీ తిప్పగానే ముందుకు వంగి "ఇరవై ఒకటి!" అన్నాడు, పిల్లాడిలా.

"ఏంది మాలక్, డెబ్బై నాలుగు గదా!" అన్నాడు మడతల తాత. అందరూ గొల్లున నవ్వారు. మామ కూడా నవ్వి "ఆఁ, మజాక్ జేసిన" అన్నాడు.

అక్కడ పుస్తకం మూసేసి ఉంటే ఈ కథ లేదు. ఇంకో ఆరు పేజీలు తిప్పాను. తిప్పి, పరీక్షలో ఫస్టొచ్చినదానిలా లేచి నిలబడి, "మామా, నీకు ఎరుపుకు పచ్చకు తేడా తెల్వది! పుట్టుకనుంచే!" అని ప్రకటించాను.

సేఠ్ చాయ్ సాసర్ కింద పెట్టి బల్లమీది నూలు వైపు చూశాడు. మామ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే నా తలమీద చెయ్యి వేసి, "చూసిండ్రా సేఠ్, మా బిడ్డ ఎంత హుషారో! నాకే తెల్వంది రెండు నిమిషాల్ల పట్టేసింది" అన్నాడు. సేఠ్ సరే సరేనన్నట్టు "బరం, బరం" అని లేచి, వచ్చే వారం చూద్దామని మరాఠీలో చెప్పి వెళ్ళాడు. ఆ వచ్చే వారం రాలేదు.

అత్త నన్ను నూలు గదిలోకి లాక్కెళ్ళింది. తిడుతుందనుకున్నాను. చాలా మెల్లగా మాట్లాడింది.

"ఆయనకు ఎప్పుడో తెల్సు. నాకు పెండ్లయిన నెలకే తెల్సింది. ఎర్ర నూలు కొసకు ఒక ముడి, పచ్చదానికి రెండు ముళ్ళు, ఇన్నేండ్ల సంది ఏస్తనే ఉన్న. నీకు పదో కాయితం గావాల్నా? నన్ను రాస్కొమ్మన్న గదనే!"

మామ కళ్ళు సగం మూసి పోగును నలిపింది రంగు చూడటానికి కాదు, ముళ్ళు లెక్కపెట్టడానికన్నమాట.

అంతా విన్నాక కూడా నేనేం చేశానంటే (రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు), ఆదివారం కూర్చుని ఆ పదో షీటు అందంగా రాసి సోమవారం ఇచ్చేశాను. క్లాసు మొత్తంలో లోపం దొరికిన కేసు నాదొక్కటే. మేడమ్ మెచ్చుకుని, అందరి ముందు చదివించి, చివర్లో అడిగింది: "పరీక్ష చేసేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు, మేడమ్."

ఆవిడ షీటు తిరిగి నా చేతికిచ్చి తర్వాతి పిల్లను పిలిచింది.

ఆ తర్వాతి ఆదివారం క్షమాపణ అడగడానికి వెళ్తే మామ మిర్చి భజ్జీలు తెప్పించి, కాలేజీ కబుర్లడిగి, ఆ మాట రానివ్వకుండానే సాగనంపాడు. కొన్నాళ్ళకు అత్త నూలు గది వదిలి రంగుల బల్ల దగ్గర బాహాటంగా కూర్చుంది. మరాఠీలో వ్యాపారుల నోళ్ళు మూయించింది, కొత్త గిరాకీలూ వచ్చారు. "అంత మంచికే అయిందే" అంటుంది అమ్మ. ఆ మాటను చాలా ఏళ్ళు తలకింద దిండులా వాడుకున్నాను. కాని మామ మళ్ళీ ఒక్కసారి కూడా వ్యాపారుల ముందు పోగు చేతిలోకి తీసుకోలేదు. ఎవరైనా రంగు గురించి అడిగితే "మా ఆమెనడుగుండ్రి" అని బయటికి వెళ్ళి నిలబడేవాడు.

ఇప్పుడు నేను ఒక కళ్ళద్దాల దుకాణం వెనక చిన్న గదిలో చూపు పరీక్షిస్తున్నాను. పోయిన నెల మామ వచ్చాడు, పేపరు చదవడానికి అద్దాలు కావాలట. ఆయన కూర్చోగానే లేచి తలుపు వేశాను.

"తలుపెందుకే? గాలాడ్తలేదు" అన్నాడు.

"నీ పరీక్ష ఇంకొకరు చూడొద్దు, మామా."

ఆయన "ఇంక నా తాన దాసేదేమున్నదే పిచ్చిపిల్లా!" అని పడీపడీ నవ్వాడు. ఆనాటి ఆ తెల్లకోటు పిల్లంటే ఆయనకు ఇంకా ముద్దే, నాకే కాదు. నేనూ నవ్వాను. తలుపు మాత్రం తియ్యలేదు.