కుచ్చిళ్ల కింద బంతి

ఆ ఆదివారం ఎల్బీనగర్ గ్రౌండులో మా శ్రావణి హాకీ ప్రాక్టీస్ చూడటానికి వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్ల. "చీర కట్టుకొని రాకు మమ్మీ, అందరు నవ్వుతరు" అని ముందే చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది. చీర తప్ప నాకు వేరే అలవాటు లేదు; పోచంపల్లి చీరలోనే వెళ్లాను.

అడ్డమొచ్చినవాళ్లను తప్పించుకొని బంతి తీసుకెళ్లడం పిల్లలకు నేర్పాలని, కోచ్ తల్లిదండ్రులను గోల్ ముందు నిలబెట్టాడు. నా చేతికీ ఒక స్టిక్ ఇచ్చాడు. శ్రావణి ఉరికొచ్చి బంతిని నెట్టింది. అది నా కుచ్చిళ్ల కిందికి దూరి పాదాల మధ్య ఆగిపోయింది. అందరూ బంతి కోసం వెతుకుతున్నారు. ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. అంతమంది మగవాళ్ల ముందు చీర ఎలా ఎత్తను? బొమ్మలా నిలబడ్డాను.

"మేడం, జర పక్కకు జరుగుండ్రి" అన్నాడు కోచ్.

ఒక్క అడుగు వేశాను. మడమ తగిలి బంతి బయటికొచ్చి మెల్లగా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది. గ్రౌండంతా నవ్వులే. నాకు తల తీసేసినట్లయింది.

"ఎవరిది గీ గోల్?" అన్నాడు కోచ్, నవ్వు ఆపుకుంటూ.

"నాదే సార్" అంటూ శ్రావణి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మా మమ్మీ పాస్ ఇచ్చింది."

ఇప్పుడు ఆదివారం వస్తే ఆ చీరను బీరువాలోంచి తీసి పెట్టేది శ్రావణే.