అన్న తెచ్చిన విబూది పొట్లం

పుంగనూరులో మా అన్న పోయినాడని మొదట నాకు చెప్పింది కుప్పంలో ఉండే మా ఆడపడుచు. పూజ ముగించుకొని లేస్తుండగా ఫోన్ చేసింది. నాకు కన్నీళ్లు రాలేదు. బడి మొహం చూడని నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. అంతటి మనిషి చేసినందుకే ఆ మోసం తగిలించిన గాయం ఇన్నేళ్లయినా మానలేదు.

అప్పట్లో మా కాపురం మదనపల్లెలో. మా ఆయన టమోటా మండీలో గుమాస్తా. పండగకో పెళ్లికో రెండు గుక్కలతో సరిపెట్టుకునే మనిషి, రానురాను రోజూ తాగి, చివరికి పొద్దున్నే గొంతులో పడకపోతే చేతులు వణికి కలం పట్టలేని స్థితికి వచ్చాడు. నా బాధ అన్నకు చెప్పుకుంటే, వారం తిరక్కముందే పొట్లం తెచ్చి, ఇది ఒక స్వామి మంత్రించిన విబూది, రోజూ చిటికెడు పప్పులో కలిపి పెట్టు, మొగుడికి చెబితే ఫలం పోతుందన్నాడు. దీపం ముందు పెట్టి దండం పెట్టుకొని, అలాగే కలిపి పెట్టాను.

మూడోనాడు ఆడపడుచు ఇంటికి కుప్పం పోయి ఉంటిమి. సాయంత్రం తాగి వచ్చిన మనిషి ముఖమంతా ఎర్రబడి, వాంతులై, గుండె పట్టుకొని కూలబడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు ఏమేమి తిన్నాడని అడిగితే, నేను కొంగుముడి విప్పి, ప్రసాదమే గదా అన్న ధైర్యంతో పొట్లం చూపించాను.

"ఇది విబూది కాదమ్మా. తాగుడు మాన్పించే బిళ్లలు నూరిన పొడి. మనిషికి తెలీకుండా పెడితే, దాని మీద తాగి ప్రాణాలే పోగొట్టుకుంటాడు" అన్నాడాయన. మంచం మీద మా ఆయన వింటూనే ఉన్నాడు.

అన్నను నిలదీస్తే తడుముకోకుండా, "నిజం చెబితే నువ్వు పెడతావా? దేవుడి పేరు చెబితే ఎదురు మాట్లాడవని నాకు తెల్సు గదమ్మా" అన్నాడు. నా భక్తి ఆయనకు అంత సులువుగా పనికొచ్చింది.

భగవంతుడి దయ, ఆ డాక్టరు వణుకు తగ్గేదాకా దగ్గరుండి వైద్యం చేసి, తాగుడు మానుకున్నవాళ్లు వారానికొకసారి కూర్చొని మాట్లాడుకునే చోటికి పంపించాడు. మా ఆయన బస్సెక్కి వారం వారం పోయి, తన నోటితో తన సంగతి చెప్పుకొని మానుకున్నాడు. వాళ్లందరికీ ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ నాకు తెలీదన్న మాట మాత్రం మా ఆయన నమ్మలేదు. మొదట్లో, "నువ్వు ముందర తిను. ప్రసాదం నా ఒక్కనికే యాల?" అనేవాడు. తర్వాత ఆ మాటా మానేశాడు గానీ, నేను ఒక ముద్ద తినేదాకా కంచం ముట్టేవాడు కాదు. మా ఆయన కన్నుమూసిన రోజు మధ్యాహ్నం కూడా అంతే.

ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి తాగుడు సంగతి అడుగుతారు, ఇద్దరూ కలిసే డాక్టరు దగ్గరికి పోతారు. చూస్తే సంతోషమే, ఆ వెనకాలే ఏదో వెలితి. రోజూ పూజలో అందరి పేర్లూ తలుచుకుంటాను. మా అన్న దగ్గరికొచ్చేసరికి నోరు పెగలడం లేదు. చదివిన మీరు, నా బదులుగా, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.