సమాయిల్ మలుపుల కోసం

మస్కట్‌కు వచ్చిన కొత్తలో నేనూ నా రూమ్మేటూ కలిసి ఒక పాత చిన్న కారు కొన్నాం. ఇద్దరం సమాయిల్‌లో ఒకే క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్లం. మస్కట్ శివార్లలో, అల్ హైల్‌లోని రూమ్ నుంచి రోజూ కొండల దారిలో అక్కడికి వెళ్లి రావాలి. నేను నడిపేదాన్ని, తను కబుర్లు చెప్పేది. పోయిన వేసవిలో పెళ్లి కుదిరి తను రాజమండ్రి వెళ్లిపోయింది. కారు నాకు మిగిలింది.

ఆ తర్వాతే కారు ఎంత ఊగుతుందో నాకు తెలిసింది. మలుపు తిప్పితే ఒక పక్కకు ఒరిగిపోయేది. ఒకరోజు సమాయిల్‌కు ముందున్న పెద్ద మలుపులో వెనక చక్రాలు జారినంత పనైంది. దారి పక్కన ఆపి, దిగి నాలుగు చక్రాలూ చూసి మళ్లీ వచ్చి కూర్చున్నాను. రూమ్మేట్‌కు ఫోన్ చేద్దామనుకున్నాను. అత్తవారింట్లో ఏ పనిలో ఉందోనని మానేశాను.

సెలవు రోజున అల్ హైల్‌లోనే ఒక వర్క్‌షాప్‌కు వెళ్లాను. అక్కడి మెకానిక్‌ది జగిత్యాల వైపు. బానెట్ మీద చేయి పెట్టి గట్టిగా నొక్కి వదిలాడు. కారు పైకీ కిందికీ ఊగుతూనే ఉంది.

"షాకప్స్ పోయినయ్ మేడమ్. పాతయసొంటియే ఎయ్యాల్నా, గట్టియి ఎయ్యాల్నా?"

"మలుపుల్లో ఒరగకూడదండి. అంతే."

"స్ప్రింగులు గూడ గట్టియి దొరుకుతయ్. గని బండి ఖాళీగ పోతే గతుకుల మీద ఎగిరెగిరి పడ్తది. ఎంతమంది కూసుంటరు?"

"నేనొక్కదాన్నే."

"ఎనుక సీట్ల?"

"ఎవరూ ఉండరు."

"సెలవుల గూడనా?"

"సెలవుల్లో కూడా" అన్నాను. అతను నా వైపు ఒకసారి చూసి, చక్రం దగ్గరికి వంగాడు.

"అయితే స్ప్రింగులు ఉండనియ్యుండ్రి. షాకప్స్ గట్టియి ఏద్దాం. ముంగట రెండు చక్రాలను కలిపే కడ్డీ ఉంటది, అది లావుది ఏద్దాం. ఒరుగుడు తగ్గుతది."

సరేనన్నాను. సాయంత్రానికి పని పూర్తిచేసి, పక్క సీట్లో కూర్చుని నన్నే నడపమన్నాడు. రౌండబౌట్ చుట్టూ తిప్పాను. కారు రోడ్డును అంటిపెట్టుకునే తిరిగింది.

"చేతులు అంత బిగవట్టకుండ్రి మేడమ్. ఇగ ఒరగది."

"ఇంకోసారి తిరుగుదామా?"

"ఏమన్న సప్పుడొస్తుందా?"

"చూద్దాం" అన్నాను. ఏ చప్పుడూ లేదు. పక్కన మనిషి కూర్చుని నెలలైంది, అంతే.

కొన్ని వారాలు నడిపాక బోల్టులు బిగించడానికి మళ్లీ రమ్మన్నాడు. వెళ్లేసరికి అతను సెలవు మీద ఊరికి పోయాడని చెప్పారు. మరో మెకానిక్ బిగించి, హిందీలో "ఔర్ కుఛ్?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఆ రోజు డ్యూటీ లేదు. అయినా రూమ్‌కు పోబుద్ధి కాక సమాయిల్ దాకా నడిపాను. ఖర్జూర తోటల దగ్గర టీ దుకాణం ముందు ఆపి ఒక కరక్ చాయ్ చెప్పాను. కారులోనే కూర్చుని తాగి వెనక్కి తిప్పాను. పెద్ద మలుపులో కారు కొంచెం కూడా ఒరగలేదు. "చూశావా!" అన్నాను పైకే, పక్కకు తిరిగి.