వంతెన ఎక్కుతుంటే ఆగిన వైపర్

నాది భీమవరంలో ఆటో ఎలక్ట్రికల్ షాపు. "రాత్రిళ్ళు హారన్ దానంతటదే మోగుతోందండి, దిష్టి తీయించమంటారా?" అని అడిగేవాళ్ళు అప్పుడప్పుడూ వస్తుంటారు. దిష్టీ లేదు, దయ్యమూ లేదు, వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని చూపించి పంపిస్తాను. ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలిసినవాడికి దయ్యాలతో పనేముంది? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇది చదివి మీరూ అలాగే అనుకుంటే నాకు కోపం లేదు. వేరేవాళ్ళు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన పేరు సత్తిబాబు. మా ఊళ్ళో ఒక పెద్ద రైతుగారింట్లో కారు డ్రైవరు. ఆ కారు అప్పటికే బాగా పాతది. దాని వైపర్లకు మోటారు ఉండదు. ఇంజిన్ గాలి పీల్చుకునే బలంతో, ఒక రబ్బరు గొట్టం ద్వారా ఆడతాయి. ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గి వైపర్ ఆగిపోతుంది, కాలు తీస్తే మళ్ళీ ఆడుతుంది. అందుకే వానలో వంతెన ఎక్కేటప్పుడు నాన్న మధ్యమధ్యలో కాలు తీసి, అద్దం తుడిపించుకుని, మళ్ళీ తొక్కేవారట.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఒక వాన సాయంత్రం కాలవ లాకుల దగ్గర వంతెన మీద ఆ కారు పాలు పోసే మనిషిని గుద్దింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. కారులో ఉన్నది ఇద్దరే. నాన్న, పక్క సీట్లో రైతుగారి అబ్బాయి. ఊరంతా ఆయన్ని చినబాబు గారనేవారు. వంతెన ఎక్కుతుంటే వైపర్ ఆగిపోయింది, ఏమీ కనపడలేదు అని నాన్న చెప్పారు. వైపర్ బాగానే ఆడుతోంది, ఇతనే కునుకు తీశాడు అని చినబాబు గారు చెప్పారు. "మరి కాలు తీసుండాల్సిందిగా?" అని ఎవరో అడిగితే నాన్న తల దించుకున్నారట. పెద్దమనుషులు ఎవరి మాట నమ్మారో మీకు చెప్పక్కర్లేదు.

ఆ రోజు నుంచి మా నాన్న 'కునుకు సత్తిబాబు'. మా వైపు ఒకసారి పేరు పెడితే అదే ఇంటిపేరైపోతుంది. బళ్ళో నన్ను కునుకోడి కొడుకన్నారు. చెల్లి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా "కునుకు వాళ్ళిల్లు ఎక్కడండి?" అనే అడుగుతూ వచ్చారు. నాన్న మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. చేపల చెరువు దగ్గర రాత్రి కాపలాకి కుదిరారు. ఆ పనిలో ఆయన కునుకు తీశారని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అయినా పేరు మారలేదు. ఆ పేరుతోనే పోయారు.

పోయిన ఏడాది వానలు మొదలయ్యాక చినబాబు గారే ఆ కారుని నా షాపుకి తోలించుకొచ్చారు. పెళ్ళి ఫోటోలు తీయించుకునేవాళ్ళకి అద్దెకిస్తున్నారట.

"కరెంటు వైపర్లు పెట్టాలోయ్. కానీ డాష్‌బోర్డు మీద ఆ పాత నాబ్ అలాగే ఉండాలి. పైకి ఏమీ మారినట్టు కనపడకూడదు," అన్నారు.

ఆ ఇంటికి తగ్గ కోరికే అనుకున్నాను. నేనెవరి కొడుకునో ఆయనకి తెలుసు. మరిచిపోవడం ఆయనకి తేలికే, ఆ పేరు మోసింది మేము కదా. వద్దని పంపించేద్దామనుకున్నాను. కానీ నాన్న పట్టుకున్న స్టీరింగు ఒక్కసారి పట్టుకోవాలనిపించింది.

పనంతా నా చేత్తోనే చేశాను. పాత గొట్టం పీకేసి, ఇంజిన్ దగ్గర ఆ కన్నానికి బోల్టు బిగించాను. డాష్‌బోర్డు కింద మోటారు పెట్టాను. నాబ్ వెనక పాత సరుకు తీసేసి స్విచ్చి అమర్చాను. తిప్పడం మాత్రం పాత పద్ధతే. కారుది ఆరు వోల్టుల బ్యాటరీ కాబట్టి మోటారుకి సీటు కింద పన్నెండు వోల్టులది వేరే బ్యాటరీ పెట్టాను. అంటే ఇక ఆ వైపర్‌కీ ఇంజిన్‌కీ ఏ సంబంధమూ లేదు. ఇంజిన్ ఆపేసినా అది ఆడాల్సిందే. అద్దం మీద పైపుతో నీళ్ళు కొడుతూ, ఇంజిన్ రేజ్ చేయించి చూశాను. ఎక్కడా తడబడలేదు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ట్రయల్‌కి వెళ్ళాం. నేను తోలుతున్నాను, చినబాబు గారు పక్క సీట్లో కూర్చున్నారు. కాలవ గట్టు పొడవునా వైపర్ చక్కగా ఆడింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. లాకుల వంతెన కనపడగానే ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

ఎక్కేటప్పుడు తొక్కాను. వైపర్ నెమ్మదించి, అద్దం మధ్యలో ఆగిపోయింది. ఫ్యూజు పోతే మోటారు టక్కున ఆగుతుంది. ఇది ఊపిరి అందని మనిషిలా నీరసించి ఆగింది. అద్దం నిండా నీళ్ళు, ముందు ఏమీ కనపడటం లేదు.

"కాలు తియ్! కాలు తియ్!" అని పక్కనుంచి పెద్ద కేక. "నేను తొక్కమంటే మాత్రం తొక్కేస్తావా సత్తిబాబూ, కాలు తియ్!"

నేను కాలు తీశాను. వైపర్ కదిలి అద్దం తుడిచింది. వంతెన మీద ఎవరూ లేరు.

కారు దింపి పక్కన ఆపాను. ఆయన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని ఉన్నారు.

"ఇందాక ఏమన్నారండీ?" అని అడిగాను.

"నేనేమన్నాను? ఏమీ అనలేదే." చేతులు వెనక్కి తీసుకుని, "నీ వైరింగులో ఏదో లూజుందోయ్, సరిగ్గా చూసుకో," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నాన్న కునుకు, ఇప్పుడు నా వైరింగు. తప్పు ఆ ఇంటి గడప మాత్రం తొక్కదు. ఆయన ఇంకో మాట లేకుండా కారు దిగి, ఆ వానలోనే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

నేను కారు తిప్పి అదే వంతెన మళ్ళీ మళ్ళీ ఎక్కాను. ఎంత తొక్కినా వైపర్ ఆగలేదు. షాపుకొచ్చి మోటారు విప్పి చూశాను, స్విచ్చి చూశాను. ఎక్కడా లూజు లేదు. ఇంజిన్ దగ్గర బోల్టు బిగించింది బిగించినట్టే ఉంది. ఆ కారు ఇప్పటికీ వానల్లో తిరుగుతోంది. వైపర్ ఒక్కసారి కూడా ఆగలేదని దాని డ్రైవరు చెబుతాడు.

ఆ సాయంత్రం రొయ్యలు ఒలుస్తూ కూర్చున్న అమ్మకి చెప్పాను.

"నోటితోనే అన్నారా?" అంది.

"అన్నారమ్మా. నాన్న పేరు పెట్టి మరీ."

"అక్కడ ఇంకెవరున్నారు?"

"నేనొక్కణ్ణే."

"అయితే ఏం లాభంరా," అని మళ్ళీ రొయ్యల మీదకి వంగింది.

ఆ వైపర్ అక్కడ ఎందుకు ఆగిందో, కాలు తీయగానే ఎందుకు ఆడిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. ఊళ్ళో చాలామందికి చెప్పి చూశాను. వైపర్ సంగతి అందరూ నమ్మారు. దయ్యమేనన్నారు, పూజ చేయించమన్నారు. చినబాబు గారు ఆ మాట అన్నారంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు.