ఎల్డన్ రెండో కన్ను

ఆదివారం చర్చిలో తల్లి సంస్మరణకు డిస్కు చేయాలని మార్లా పాత వీడియో టేపులను తండ్రి కెమెరాలో ఆడిస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. టేపు ఎంతసేపు ఆడితే అంతసేపూ కూర్చోవాలి. "ప్రభువా, ఓపిక ఇవ్వు" అని గొణుక్కుంటూనే పళ్లు కొరుకుతోంది. తెర నిండా తండ్రి కొన్న ట్రాక్టరే. ముందు నుంచి, వెనుక నుంచి, చివరికి చక్రాల కింద నుంచి.

"ఎంతసేపూ ఈ ఇనుమేనా నాన్నా? అమ్మ మొహం ఒక్కసారైనా తీయబుద్ధి కాలేదా?"

ఎల్డన్ టోపీ అంచు నలుపుతూ, "ఒక కన్నే కదమ్మా కెమెరాకి పెట్టేది. రెండోది మీ అమ్మ మీదే ఉండేది" అన్నాడు.

"ఆ కంటితో చూసింది డిస్కులోకి ఎలా ఎక్కించమంటావు?"

మార్లా విసురుగా ఆ టేపు లాగేసి, కెమెరాలో కొత్తది పెట్టి, ఆయన మొహానికి గురిపెట్టింది.

"ఏం చూశావో చెప్పు" అంది, కోపం తగ్గకుండానే.

"సూపు గిన్నె మూత తీస్తే మీ అమ్మ కళ్లద్దాలకి ఆవిరి పట్టేసేది," అన్నాడు ఎల్డన్. "తుడుచుకునేది కాదు. అలాగే నవ్వేది."