యాంప్లిఫయరు మీద దోసెల పిండి

గిటారు యాంప్లిఫయరు మీద దోసెల పిండి పెట్టడం నేరం కాదని సకల జనులకూ ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

నిన్న దోహా వెస్ట్ బేలోని ఒక హోటల్లో అలాంటి పాత ఇంగ్లండు యాంప్లిఫయరే అద్దాల వెనక కనిపించింది. ముట్టుకోకూడదట! నా చిన్నప్పుడు, ఇక్కడ చమురు డబ్బు పొంగిన రోజుల్లో, నాన్న కంపెనీలోని తెల్లదొర దేశం వెళ్ళిపోతూ మాకొకటి ఇచ్చాడు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే వాల్వులు గుర్తున్నాయా? దీంట్లోనూ అవే. వాటి వేడికి దోహా చలికాలంలోనూ మా పిండి పొంగేది.

నాన్నకు పై అధికారైన పక్క ఫ్లాటు ఇంజనీరుగారు ఒకరోజు అది చూసి మండిపడ్డారు. "దీని మీద పిండి పెడతారా అమ్మా? మావాడు గిటారు నేర్చుకుంటున్నాడు, ఇచ్చేయండి."

"ఇయ్యను సార్. మీ పోరడు వాయిస్తే మా కడుపు నిండుతదా?" అంది అమ్మ.

నాన్న మాత్రం భయపడి ప్లగ్గు పీకబోయాడు. నేను అడ్డం పడ్డాను.

"అంకుల్, ఈ యాంప్లిఫయరు కంపెనీ పెట్టినాయనది మొదలు రొట్టెల దుకాణం. పిండి పొంగనీకే ఈ పెట్టె చేసిండు. గిటారు తర్వాత తగిలించిండు. దొరనే చెప్పిండు."

తెలియదంటే డిగ్రీ పరువు పోతుందని ఆయన తలూపి వెళ్ళిపోయారు. పెట్టె మాకే మిగిలింది.

రొట్టెల దుకాణం పూర్తిగా నా కల్పన. కంపెనీవాళ్ళకు అభ్యంతరముంటే వచ్చి మా అమ్మతో మాట్లాడుకోవచ్చు.