మేపుల్ చెక్క మీద పసుపు

క్రీస్తుదాసు ఇనుప ముక్కను దీపం మీద పట్టుకుంటాడు. ఆముదం దీపం. మసి పల్చగా పట్టగానే ఆ ముక్కను చెక్కలో దాని చోట పెట్టి బొటనవేలితో నొక్కుతాడు. ఎత్తి చూస్తాడు. చెక్కకు నలుపు ఎక్కడ అంటిందో అక్కడ మాత్రం చిన్న ఉలితో గీకుతాడు. మళ్ళీ దీపం, మళ్ళీ నొక్కడం. నలుపు అంతటా ఒకేలా అంటేదాకా ఇదే పని. ఒక్కో ముక్కకు నూరుసార్లు పడుతుంది.

"నా పెళ్ళికి మా అమ్మ కూడా ఇంత కాటుక పట్టలేదు" అంటుంది భార్య బాలకుమారి, గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి.

అతనిది బందరు. ఐటీఐలో ఫిట్టర్. విశాఖలో ఓడల పని, బహ్రెయిన్‌లో పదకొండేళ్ళు, ఆ తర్వాత విండ్సర్. ఇక్కడ కార్ల బంపర్లు పోతపోసే ఉక్కు అచ్చులు చేసే షాపులో ఉద్యోగం. పక్క బెంచీలో డగ్లస్ పనిచేసేవాడు. రిటైరయ్యాక ఒక ఆదివారం ఇతన్ని తన క్లబ్బుకు తీసుకెళ్ళాడు. అక్కడ పాతకాలపు తుపాకులతో కాగితం గురి మీద కాలుస్తారు. మందు, గుండు గొట్టం మూతి నుంచే దట్టించాలి. ఒకసారి పేలాక మళ్ళీ నింపడానికి నిమిషం పైనే పడుతుంది. క్రీస్తుదాసుకు ఆ నిమిషం నచ్చింది. అలాంటి తుపాకీ సొంతంగా చేసుకుంటానన్నాడు.

మూడేళ్ళు పట్టింది. మొదటి చలికాలం డగ్లస్ కొట్టంలో, గుండు తిరుగుతూ వెళ్ళేలా, గొట్టం లోపల మెలిక గాడులు తీశారు. ఏడు గాడులు. కోసే పనిముట్టును కొయ్య చట్రం మీద చేత్తో లాగడమే. తర్వాత రెండు చలికాలాలు లాక్ పని. చెకుముకి రాయిని ఉక్కు మీద కొట్టి నిప్పు రవ్వ పుట్టించే భాగాన్ని లాక్ అంటారు. దాని స్ప్రింగులు రెండు విరిగాయి. మూడోది నిలిచింది.

చెక్క డగ్లస్ ఇచ్చాడు. పులి చారలున్న మేపుల్ కలప. అతని కొట్టంలో అటక మీద ఇరవై రెండేళ్ళు ఆరిన పలక. అలాంటిది తన దగ్గర ఇంకొకటి లేదని ఇచ్చేటప్పుడే చెప్పాడు.

2022 అక్టోబర్ నాటికి తుపాకీకి ఒక రూపం వచ్చింది. చెక్కకు రంగూ నూనే పెట్టడం, లాక్‌ను బిగించే ఇనుప ప్లేటును కాల్చి గట్టిపరచడం మిగిలాయి. నెలాఖరుకు డగ్లస్ ఇల్లు అమ్మేసి సడ్బరీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేముందు తుపాకీ చూడటానికి శనివారం వస్తానన్నాడు.

ఆ ఏడు విండ్సర్ నిండా విద్యార్థులు. ఒక్కో గదిలో ఐదేసి పరుపులు. క్రీస్తుదాసు ఇంటి బేస్‌మెంట్‌లో తేజశ్రీ అనే అమ్మాయి అద్దెకు దిగింది. జనగామ పిల్ల. తండ్రికి లేత్ షాపు ఉంది.

దసరా ఆ వారమే, బుధవారం వచ్చింది. క్రీస్తుదాసు మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ నుంచి వచ్చి గ్యారేజీలో లైటు వేశాడు. బెంచీ మీద ఉలులకు బొట్లు ఉన్నాయి. వైస్‌కు బొట్టు ఉంది. తుపాకీ చెక్కకు మూడు ఉన్నాయి. భుజానికి ఆనించే చోట రెండు, లాక్ పక్కన ఒకటి. పసుపు, మధ్యలో కుంకుమ.

వేలితో తుడిచాడు. పోలేదు. తడిగుడ్డతో తుడిచాడు. అది అతని పొరపాటు. పసుపు ఇంకా వెడల్పుగా పాకింది.

బాలకుమారి వచ్చి చూసింది. "ఇవేంటండీ, మన గ్యారేజీలో బొట్లు? పాస్టరుగారు చూస్తే?"

"పాస్టరుగారికి గ్యారేజీలో ఏం పని?"

ఆ మాటలు విని తేజశ్రీ మెట్లెక్కి వచ్చింది. "చూసిన్రా అంకుల్? సర్‌ప్రైజ్! పొద్దున మా ఫ్రెండ్ కార్‌కి పూజ చేసినం. ఇంక పసుపు మిగిలింది. మూడేళ్ళ సంది చేస్తున్నరు కదా, దీనికి ఎవ్వరూ బొట్టు పెట్టరాయె అని నేనే పెట్టిన. మా నాన్నయితే లేత్‌కి బొట్టు పెట్టందే దసరా నాడు అన్నం ముట్టడు."

"లేత్ ఇనుము తల్లీ. తుడిస్తే పోతుంది. ఇది ఇంకా నూనె పెట్టని చెక్క. తాగేస్తుంది."

ఆమె చెక్కను చూసింది, అతని చేతిలోని పచ్చటి గుడ్డను చూసింది. "సాండ్‌పేపర్ పెడితే పోదా?"

అతను లాక్ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "వెనకాల రెండూ గీకేయొచ్చు. ఇక్కడ ఇనుము, చెక్క ఒక్క మట్టంలో ఉన్నాయి, చూడు. చెక్క గీకితే ఇనుము పైకి లేస్తుంది. డగ్లస్ వస్తే కళ్ళు మూసుకుని ముందు తడిమేది ఇక్కడే."

"కొత్త చెక్క కొందాం అంకుల్. నేను ఎక్స్‌ట్రా షిఫ్ట్‌లు చేస్త."

"కొంటే దొరికేది కాదమ్మా ఇది."

తేజశ్రీ మెల్లగా అడిగింది. "రూమ్ ఖాళీ చేయమంటరా?"

క్రీస్తుదాసు జవాబు చెప్పేలోపు బాలకుమారి అందుకుంది. "ఎవరు చేయమన్నారే నిన్ను? పోయి ఆ పులిహోర పట్రా. పొద్దున్నుంచీ పైకి వాసనే వస్తోంది గానీ గిన్నె రాలేదు."

పులిహోర తిన్నాక అతను వెనకాల ఉన్న రెండు మరకలూ గీకి చూశాడు. గోరు మందం దిగాక తెల్ల చెక్క వచ్చింది. అంటే లాక్ పక్కన కూడా అంతే దిగాలి. చెక్కను దించితే ఇనుమునూ దించాలి. లాక్ ప్లేటును ఇంకా కాల్చి గట్టిపరచలేదు కాబట్టి ఆకురాయితో అరగదీయొచ్చు. కానీ ఒక పక్క ఎక్కువ అరిగిందా, చెకుముకి రాయి ఉక్కును సరిగ్గా తాకదు. రెండు చలికాలాల పని పోతుంది. శనివారానికి మళ్ళీ చేయడం కుదరదు. మరకను అలాగే ఉంచి ముదురు రంగు వేస్తే పసుపు దాగుతుంది. కుంకుమ దాగదు.

తేజశ్రీ మెట్ల మీదే కూర్చుని ఉంది.

"మీ నాన్న ఎప్పుడైనా ముక్క ఎక్కువ కోసేస్తే ఏం చేస్తాడమ్మా?"

"తిడతడు."

"ఎవర్ని?"

"కరెంటోళ్ళని."

క్రీస్తుదాసు నవ్వాడు. "తర్వాత?"

"తర్వాత పక్కకు పడేసి కొత్తది మొదలువెడతడు."

"మేమూ అంతే. ఉక్కు ఒకసారి దిగిందంటే మళ్ళీ ఎక్కదు. అందుకే షాపులో నేను ఇంతవరకూ గీత దాటి కొయ్యలేదు."

"ఇప్పుడు కోస్తరా?"

అతను బెంచీ వైపు తిరిగాడు. ప్లేటును విప్పి, నాలుగు మూలల మందం కొలిచి, అంకెలను అట్టముక్క మీద రాసుకున్నాడు. లైటు తీసేశాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి ఒకరోజు సెలవు అడిగాడు. టీ తాగి గ్యారేజీలోకి వెళ్ళాడు. ముందు చెక్క గీకాడు. ఎరుపు పోయింది, తర్వాత పసుపు పోయింది. ఆ తర్వాత ప్లేటును వైస్‌లో బిగించి, ఆకురాయికి సుద్ద రాసి రుద్దడం మొదలుపెట్టాడు. పది రుద్దులకు ఒకసారి ఆపి నాలుగు మూలలూ కొలిచాడు. ఎనిమిదింటికి బాలకుమారి టిఫిన్ అక్కడే పెట్టి వెళ్ళింది. తొమ్మిదింటికి తేజశ్రీ క్లాసుకు వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. అతను తల ఎత్తలేదు. ఆమె వెళ్ళిపోయింది.

పదకొండింటికి ప్లేటును చెక్కలో పెట్టి స్క్రూలు బిగించాడు. కళ్ళు మూసుకుని తడిమితే ఇనుముకూ చెక్కకూ మధ్య అంచు వేలికి తగల్లేదు. లాక్‌ను లాగి వదిలాడు. రవ్వ పడింది. మళ్ళీ లాగి వదిలాడు. పడింది. ఇరవైసార్లు చూశాడు. రెండుసార్లు పడలేదు. ముందు కూడా అంతే.

చేతులు కడుక్కుని డగ్లస్‌కు ఫోన్ చేశాడు. శనివారం దాకా ఎందుకు, ఇవాళే రమ్మన్నాడు.